పరమతాదరమును గూర్చి ఒక బౌద్ధుని ఆలోచనలు

ఈ సంచికను కూర్చుచున్న మిత్రులు నన్ను పిలిచి, "మీరు బౌద్ధులు కదా, సర్వమత సామరస్యమును గూర్చి నాలుగు పుటలు వ్రాసి యిండు" అని కోరినప్పుడు నేను వెంటనే సరేయంటిని. ఇంటికి వచ్చి కాగితము ముందు పెట్టుకొనిన పిమ్మట గాని ఆ పని యెంత కష్టమో తెలిసిరాలేదు. మతములన్నియు నొక్కటే, నదులన్నియు సముద్రమునకే పోవును అని వ్రాసినచో ఒక పుట నిండును. రెండవ పుటలో మరల అదే మాట వ్రాయవలసి వచ్చును. పైగా నదులు సముద్రమున కలియుటను నేను చిన్ననాటినుండి కన్నులార చూచినవాడను. అవి ఒక్కటిగా పోవుట లేదు. పాయలుగా చీలి, ఒక పాయలో తీపినీరు, మరియొక పాయలో ఉప్పునీరు, నడుమ మడ అడవి, ఆటుపోటులకు మారుచుండు వడి, ఇన్ని తగవులు పడి గాని గోదావరి కడలిని చేరదు. ఆ ఉపమానమును వాడువారు సాధారణముగా నదీముఖమున కాపురము చేసినవారు కారు.

మా ఊరు దరియాలతిప్ప. యానాము పట్టణమునకు చేరువగా గౌతమీ గోదావరి పరిసరమున నున్న పల్లె. తిప్ప యన నేమో చదువరులకు చెప్పనక్కరలేదు. దరియా యనునది పారసీకమున సముద్రమునకును మహానదికిని వాడు మాట. ఊరి పేరు పలికినప్పుడెల్ల ఆ మాట నా చెవిలో మ్రోగుచుండును. యానాము ప్రాంతమంతయు కలిపి 30 చదరపు కిలోమీటర్లు. ఆ కొద్ది నేలలోనే 19వ శతాబ్దమునాటి సెయింట్ ఆన్స్ చర్చి కలదు, మసీదు కలదు, మీసములతో దర్శనమిచ్చు వేంకటేశ్వరుడు కలడు. ఆయనను మావారు మీసాల వెంకన్న యని ముద్దుగా పిలుతురు. 1954 నవంబరు 1వ తేదీన ఫ్రెంచి పరిపాలన ముగిసినది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా కూడ యానాము భారతదేశమున చేరినది. అయినను 800 కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న పుదుచ్చేరి పాలనలోనే నిలిచినది. కావున మేము పుట్టిన ఊరు విడువకయే అల్పసంఖ్యాకులమైన తెలుగువారము. ఈ పుటలు చదువు కుటుంబములవారికి ఆ స్థితి యెట్టిదో నేను వివరింపనవసరము లేదు.

1956 అక్టోబరు 14న నాగపురమున అంబేద్కరు మహాశయుడు బౌద్ధధర్మమును స్వీకరించి, తనతో వచ్చిన లక్షలాది జనులచేత 22 ప్రతిజ్ఞలు చేయించెను. ఆ వార్త కొంత కాలమునకు మా పేటకు చేరినది. మా తండ్రిగారు అక్షరములు కూడబలుకుకొని చదువువారు. ఆ ప్రతిజ్ఞలను ఒక కాగితముపై ఎవరిచేతనో వ్రాయించుకొని, నెలల తరబడి జేబులో పెట్టుకొని తిరిగి, తుదకు త్రిశరణములు పలికిరి. బ్రహ్మవిష్ణుమహేశ్వరులను పూజింపనని ప్రతిజ్ఞ. నాటినుండి మా యింట గూటిలో బుద్ధుని పటము తప్ప మరియొక పటము లేదు. ఇంతవరకు చిక్కులేదు. చిక్కు ఒక పులిహోర పొట్లముతో వచ్చినది.

మా పేటకును పొరుగు పేటకును నడుమ ఒక కాలువ. ఆ కాలువ కావలి ఒడ్డున ఒక ముసలమ్మ యుండెడిది. ఊరిలో పిల్లలందరకును ఆమె మామ్మయే. వెంకన్న కల్యాణమునకు పోయి వచ్చి, ఆమె ఆకులో ప్రసాదము కట్టి, బల్లకట్టు దాటి వచ్చి మా గుమ్మము ముందు నిలిచినది. మా చిన్నాన్న అడ్డుపడెను. "గుడి గుమ్మం ఎక్కనివ్వని వాళ్ళ గుళ్ళో పులిహోర మనకెందుకన్నయ్యా?" అనెను. మా నాన్నగారు కొంచెముసేపు ఊరకుండి, రెండు చేతులు చాచి పొట్లము అందుకొని, "పులిహోర గుడిది కాదురా, మామ్మది" అనిరి. మా చిన్నాన్న దానిని ముట్టలేదు. నేను తింటిని; చింతపండు కొంచెము ఎక్కువైనది.

ఈ చిన్న సంగతిని నేను జీవితమంతయు మోసికొని తిరుగుచున్నాను. మా నాన్నగారు చేసినది సొగసుగ నున్నది. కథలలో అట్టివారే గెలుతురు. కాని మా చిన్నాన్న చెప్పినది తప్పు కాదు. ఆయన అడిగినది రుచిని గూర్చి కాదు, లెక్కను గూర్చి. తలుపు మూసిన వారిని ఆదరింపుమని తలుపు బయట నిలిచినవానికి మాత్రమే ఉపదేశించుట న్యాయమా? పరమతసహనము అను మాట మన సభలలో తరచు వినబడును. దానిని ఉపదేశించువారు ఎక్కువగా సహింపవలసిన అవసరము లేనివారై యుందురు. ఈ మాట కొంచెము కటువుగ నున్నచో క్షమింపుడు. దీనిని దాచి సామరస్యమును గూర్చి వ్రాయుట నాకు చేతకాలేదు.

మజ్ఝిమనికాయమున ఉపాలి యను గృహస్థుని వృత్తాంతము కలదు. నలందా నివాసి, ధనికుడు, నిర్గ్రంథ నాతపుత్తుని శిష్యుడు. బుద్ధునితో వాదించి గెలుతునని వచ్చి, వాదముననే మనసు మార్చుకొనెను. తన్ను శిష్యునిగా చేర్చుకొమ్మని అడిగినప్పుడు బుద్ధుడు తొందరపడలేదు. నీవంటి ప్రసిద్ధుడు బాగుగ విచారించి నిర్ణయించుకొనుట మంచిదని చెప్పెను. ఉపాలి ఇంకను గట్టిగా కోరగా మరియొక మాట చెప్పెను: చిరకాలముగా నీ యిల్లు నిర్గ్రంథులకు నీటి చెలమవలె నున్నది, వారు వచ్చినప్పుడు భిక్ష మానకుము. ఇంతవరకు మనవారు ఉపన్యాసములలో చెప్పుదురు. తరువాతి భాగము చెప్పరు. ఇంటికి పోయిన ఉపాలి ద్వారపాలకుని పిలిచి, ఇకపై నిర్గ్రంథులకు లోపలికి ప్రవేశము లేదనియు, భిక్ష కావలసినచో ఇక్కడనే నిలువుడు, తెచ్చి యిత్తురు అని వారితో చెప్పుమనియు ఆజ్ఞాపించెను. చేయి తెరచియే యున్నది, తలుపు మూతపడినది!

ఆ సూత్రమును మొదటిసారి చదివినప్పుడు నాకు మా గుమ్మము గుర్తుకు వచ్చినది. నాన్నగారు మామ్మను లోపలికి పిలిచి పీట వేసిరి. ఆ ఒక్క విషయమున ఆయన ఉపాలికంటె నొక మెట్టు పైన నున్నారని నా నమ్మకము. కొడుకును గనుక నా మాట కొంత తగ్గించి పుచ్చుకొనుడు. మరియొకటి కూడ గమనించితిని. ఆ సూత్రము తుదియందు నాతపుత్తుని పరాభవమును మా గ్రంథకారులు కొంచెము ఉత్సాహముతోనే వర్ణించిరి. దానిని జైనుడు చదివినచో అది తన గురువును గూర్చిన నిజమని ఒప్పుకొనునా? ఒప్పుకొనడు. భిక్ష మానకుమని చెప్పిన నోటిమాటను భద్రపరచిన వ్రాతలోనే పరుల ఓటమికి సంతసించు గుణము చేరినది. వ్రాయుటలో ఈ ప్రమాదము మొదటినుండియు నున్నదన్న మాట.

నేను కూడ ఆ ప్రమాదమున పడియే వ్రాత మొదలుపెట్టితిని. పదునెనిమిదేండ్ల వయసున నేను వ్రాసిన మొట్టమొదటి వ్యాసము మా ప్రాంతపు అమ్మవారి జాతరను గూర్చి. గరగలు ఎత్తుకొని, డప్పులకు అడుగులు వేయుచు ఊరేగువారిని నేను మిక్కిలి తెలివిగా ఎగతాళి చేసితిని. తాగి తూలువారని, మట్టికుండకు మ్రొక్కువారని, ఇంకను ఏమేమో. ప్రతి వాక్యమునకు చివర ఒక చమత్కారము. మాకు తెలుగు చెప్పిన ఒక మాస్టారు క్రైస్తవులు. ఆదివారము చర్చికి, తక్కిన ఆరు దినములు ఆంధ్రమహాభారతమునకు అంకితమైనవారు. ఆయన నా కాగితములు చదివి, భాష బాగున్నదనిరి. తరువాత, "దీన్ని కాలువ అవతల మామ్మకు చదివి వినిపించావా?" అని అడిగిరి. ఆమెకు చదువు రాదు కదండీ అంటిని. "అందుకేగా నువ్వు చదవాలి" అనిరి.

నేను చదువలేదు. చదువలేకపోయితిని. ఆ కాగితములు పట్టుకొని కాలువ దాకా పోయి తిరిగి వచ్చితిని. ఆమె గరగ ఎత్తిన వారి యింటి ఆడపడుచు. ఆమె ముఖము చూచి చదువలేని మాటను ఆమె వీపు వెనుక అచ్చువేయించుట ధైర్యము కాదని నాకు తోచినది. అంతటితో ఆగినచో బాగుండెడిది. నేను వ్రాయుటయే మానివేసితిని. ఎవరిని గూర్చి వ్రాసినను ఎవరికో నొచ్చును గదా యని పది సంవత్సరములు కలము ముట్టలేదు; దానికి పరమతాదరమని పేరు పెట్టుకొంటిని. నిజమునకు అది భయము. మౌనము ఆదరమైనచో, గోడకంటె మర్యాదస్థుడు లోకమున లేడు.

ఈ భ్రమను పోగొట్టినది ఒక బండరాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద అశోకుని పదునాలుగు శిలాశాసనములును, వానితోపాటు లఘుశాసనములును కలవు. 1928-29 ప్రాంతమున ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని కనుగొనెను. మన తెలుగునేలపై నున్న ఆ శాసనములలో పండ్రెండవది పరమతములను గూర్చినది. దానముకంటెను పూజకంటెను అన్ని సంప్రదాయముల సారము పెరుగుటయే ముఖ్యమని రాజు తలచుచున్నాడు. దానికి మూలము వాక్సంయమము. సందర్భము లేక తన మతమును పొగడుటయు పరమతమును తెగడుటయు కూడదు. సందర్భమున్నను మితముగా పలుకవలెను. తన మతమునందలి భక్తిచేత ఇతర మతమును నిందించువాడు తన మతమునకే ఎక్కువ హాని చేయుచున్నాడు. ఒకరి ధర్మమును మరియొకరు వినవలెను, బహుశ్రుతులు కావలెను. ఆ శాసనములోని భావము సుమారుగ నిది.

ఇందులో నేను రెండుమూడు పర్యాయములు చదివిన పిదప గాని గమనింపని విశేషమొకటి కలదు. సందర్భమున్నప్పుడు మితముగా అని అతడు చెప్పుచున్నాడు గాని, ఎన్నడును పలుకవద్దని చెప్పుట లేదు. అదే రాయిపై మొదటి శాసనమున యజ్ఞములలో ప్రాణులను చంపరాదనెను. తొమ్మిదవ శాసనమున రోగములకు, పెండ్లిండ్లకు, ప్రయాణములకు ఆడువారు చేయు తంతులు అల్పములు, వాని ఫలము స్వల్పము అనెను. ఆడువారే యేల, మగవారు చేయు తంతులకు కొదవా యని నాకు అతనితో తగవు కలదు. అది వేరు సంగతి. వాక్సంయమమును బోధించిన ఆ చక్రవర్తియే తనకు తప్పని తోచినదానిని తప్పనియే రాయిమీద చెక్కించెను. కనుక సంయమమన నోరు మూసికొనుట కాదు. బౌద్ధులము సమ్యగ్వాక్కు అని చెప్పుకొనునది కూడ ఇదియే. అసత్యము, చాడీ, పరుషము, వ్యర్థప్రలాపము, ఈ నాలుగింటిని విడువవలెను. నా మొదటి వ్యాసమున అసత్యము తక్కువ, పరుషము ఎక్కువ, చమత్కారములన్నియు వ్యర్థప్రలాపములు.

ఎర్రగుడి లఘుశాసనమున మరియొక వింత కలదు. అందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, కొన్ని కుడినుండి ఎడమకు, నాగలి చాలువలె తిరిగి నడచినవి. ఆ శాసనమే మావటీలతోను, రథికులతోను పాటు కరణములకు, అనగా వ్రాతపనివారికి కూడ ధర్మము బోధింపవలెనని చెప్పుచున్నది. రాజాజ్ఞను రాతిపై చెక్కినవాడే పంక్తి నడక విషయమున అట్లు తికమక పడినప్పుడు, నావంటివాడు మొదటి వ్యాసమున దారి తప్పుట అంత సిగ్గుపడదగిన పని కాదని నన్ను నేను ఓదార్చుకొంటిని.

ఆదరమునకు హద్దు ఎక్కడ? ఇది చెప్పుటకు నేను యానాము దాటి పోనక్కరలేదు. 1929లో శారదా చట్టము వచ్చినది. 1930 ఏప్రిలు 1 నుండి బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహము శిక్షార్హమైనది. ఫ్రెంచివారి యానాములో ఆ చట్టము చెల్లదు. చుట్టుపట్ల జిల్లాలవారు పసిపిల్లలను బండ్లపైనను పడవలపైనను యానాము తెచ్చి, పెండ్లిండ్లు చేసికొని పోవువారు. ఊరికి కల్యాణపురమని పేరు వచ్చినది! ఇప్పటికిని కొందరు ఆ పేరును గర్వముతో చెప్పుదురు. మేళములు, పందిళ్ళు, వ్యాపారము, అన్నియు బాగుగనే యుండియుండును. కాని ఆ పిల్లలలో తెలివిరాకమునుపే విధవలైనవారి మాటయేమి? ఆచారమును గౌరవించుట యన్న పేరుతో ఒక సరిహద్దు గీత ఇవతల ఆ పని నడచినది. అక్కడ మితముగా పలుకుట చాలునా? చాలదు. ఎవనికో నొచ్చునని ఊరకుండినచో, నొప్పి అనుభవించుచున్న పిల్లను మరచినవారమగుదుము. ఆచారము పెద్దలది, బాధ పిల్లది. పరమతమైనను స్వమతమైనను నేను మొదట అడుగునది ఇది: ఇందుచేత ఎవరు బాధ పడుచున్నారు? బాధపడువారు లేనిచోట నాకు నచ్చకపోవుట యనునది నా సొంత సంగతి. మామ్మ గరగకు మ్రొక్కినచో నాకేమి నష్టము?

అగౌరవము నిందారూపముననే వచ్చునని కూడ లేదు. ప్రేమరూపమున వచ్చునది మరింత చిక్కు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సభలో, బుద్ధుడు మహావిష్ణువు అవతారమే కాన బౌద్ధులకును మనకును భేదమే లేదని ఒక వక్త కన్నులు చెమర్చ పలికిరి. సభ్యులు చప్పట్లు కొట్టిరి. నేను కూడ మర్యాదకు కొట్టితిని. ఇంటికి వచ్చి నిద్రపోలేదు. జయదేవుని దశావతారములలో బుద్ధుడున్న మాట నిజమే. ఆ వక్త మనసున కల్మషము లేదు. కాని మా నాన్నగారు జేబులో పెట్టుకొని తిరిగిన 22 ప్రతిజ్ఞలలో, బుద్ధుని విష్ణువు అవతారముగా నమ్మననునది ఒకటి. అతిథిని మాటిమాటికి మా యింటివాడే యని పిలిచినచో అతడు తన యింటికి పోవుట యెట్లు? భేదము లేదనుట ఆదరము కాదు. భేదమున్నదని ఎరిగి పీట వేయుట ఆదరము.

అట్లని మావారు శుద్ధులని చెప్పను. బ్రహ్మదేవుని తెచ్చి బుద్ధుని ముందు చేతులు జోడించి నిలిపి, ధర్మము బోధింపుమని ప్రార్థింపజేసినది మా గ్రంథములే. ఇంద్రుని బుద్ధునకు పరిచారకుని చేసినదియు మావారే. ఎదుటివాని దేవుని మన యింట పనికి కుదుర్చుకొనుట ఇరుపక్షముల వారికిని అలవాటే.

ఇక వ్రాత మాట. నేను తిరిగి కలము పట్టుటకు కారకులు ఇద్దరు. వారిలో ఒకరు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు. 1870లో కడియమున జన్మించిన ఆ మహాకవి బాల్యమున కుటుంబముతో యానాము వచ్చి అక్కడ పెరిగిరి. వారి తొలి రచనలలో యానాము వేంకటేశ్వరునిపై చెప్పిన శతకమొకటి. అందు వ్యాకరణదోషమున్నదని ఒక పండితుడు పరిహసింపగా, ఆ అవమానమునకు కలము పారవేయక, సంస్కృత వ్యాకరణము నేర్చుటకై వారణాసికి పోవ నిశ్చయించుకొనిరి. నేను ఒక్క ప్రశ్నకు పదేండ్లు మౌనము వహించితిని. ఆయన ఒక్క పరిహాసమునకు కాశీ ప్రయాణము కట్టిరి. మహాకవులకును మనకును భేదము అక్కడనే మొదలగును కాబోలు.

నన్ను మరింత కదిలించినది తరువాతి సంగతి. మీసాల వెంకన్నపై శతకముతో మొదలిడిన ఆ చేయియే దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కూడి బుద్ధచరిత్రమును తెలుగున వ్రాసినది. ఎడ్విన్ ఆర్నాల్డు 1879లో ప్రకటించిన ఆంగ్లకావ్యము దానికి ఆధారము. శాస్త్రిగారు బౌద్ధులు కారు, కామేశ్వరీ భక్తులు. బుద్ధుడు ఒక ఆంగ్లేయునినుండి ఇద్దరు వైదిక బ్రాహ్మణులకు, వారినుండి తెలుగు పాఠకులకు అందెను. మా దేవళములు రాళ్ళై, మా సంఘము ఈ నేలపై రూపుమాసిన పిమ్మట, మా గురువు కథను మాకు తిరిగి అందించినవారు అన్యమతస్థులు! వారు అవతారమను దృష్టితో చూచిరా, లేదా యని నేను తగవు పెట్టుకొనవచ్చును. కాని ముందు ఋణము ఒప్పుకొని తరువాత తగవు పెట్టుకొనుట మర్యాద.

రెండవవారు ఒక స్త్రీ. క్రీస్తుశకము 3వ శతాబ్దమునాటి ఆమె. నాగార్జునకొండ ఇప్పుడు చాలవరకు సాగరజలములలో మునిగియున్నది. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరికినవానిని కొండ తలపై భద్రపరచిరి. అక్కడ ఇక్ష్వాకురాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు వైదికుడు, మహాసేనుని భక్తుడు. ఆయన సోదరి శాంతిశ్రీ, శాసనముల ప్రాకృతమున చాంతిసిరి, బౌద్ధోపాసిక. ఆమె తన మేనల్లుడును అల్లుడును అయిన వీరపురుషదత్తుని 6వ పాలనాసంవత్సరమున మహాచైత్యమున స్తంభములు నిలిపి, వానిపై దానశాసనము చెక్కించెను. బుద్ధునకు నమస్కారముతో మొదలగు ఆ శాసనమున ఆమె తన అన్నను ఎట్లు పేర్కొన్నదో చూడుడు: అగ్నిహోత్రము, అగ్నిష్టోమము, వాజపేయము, అశ్వమేధము చేసినవాడు, మహాసేనుని అనుగ్రహము పొందినవాడు.

అహింస పరమధర్మముగా గల గురువుయొక్క చైత్యమున, ఆమె అశ్వమేధమును పేరుపెట్టి చెక్కించినది. అది రాజకుటుంబపు బిరుదావళి, అందరును అట్లే వ్రాయింతురు అని చరిత్రకారులు చెప్పవచ్చును. సగము నిజమే. అయినను ఆమె తలచినచో కొన్ని బిరుదములు వదలివేయవచ్చును; గుఱ్ఱము మాట దాటవేయవచ్చును. దాటవేయలేదు. అది తనకు నచ్చెననియు వ్రాయలేదు, తప్పనియు వ్రాయలేదు. అన్న తన్ను తాను ఎట్లు చెప్పుకొనునో అట్లే వ్రాయించి, తరువాత తన దానమును తన మాటలతో చెప్పుకొనినది. ఇది సరియైనదేనా? యజ్ఞపశువు మాటయేమి యని నాలోని అశోకుడు అడుగుచుండును. ఆ గుఱ్ఱము బాధ పడలేదా? ఒకనాడు శాంతిశ్రీ పక్షమున, ఒకనాడు అశోకుని పక్షమున నా మనసు ఊగుచుండును. కాని ఆమెనుండి ఒక పాఠము నేర్చితిని. ఎదుటివానిని గూర్చి వ్రాయునప్పుడు మొదటి పంక్తి అతడు ఒప్పుకొనునట్లు వ్రాయవలెను. నా అభిప్రాయమునకు తరువాతి పంక్తిలో చోటున్నది.

వ్రాయకపోయినచో నేమి యను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. బుద్ధుడు ఒక్క అక్షరమును వ్రాయలేదు. ఆయన మాటలు నాలుగు వందల ఏండ్లు నోటినుండి నోటికి నడచినవి. క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమున, వట్టగామణి అభయుని కాలమున, సింహళమునందలి అలువిహారమున భిక్షువులు త్రిపిటకమును తాటాకులపై నెక్కించిరి. కరవులు, యుద్ధములు వచ్చి, కంఠస్థము చేసిన వారు పోయినచో గ్రంథమే పోవునని వారికి భయము కలిగినది. ఆ భయము నా భయమువంటిది కాదు. పని చేయించిన భయము. పుదుచ్చేరిలో స్థిరపడిన పిమ్మట నాకు ఆ భిక్షువులు తరచు జ్ఞాపకము వచ్చుచుందురు. మన యిండ్లలో పిల్లలు తెలుగు మాటలాడుదురు, కాని చదువుట తక్కువ. అమ్మమ్మకు వచ్చిన పాట కూతురికి సగము, మనుమరాలికి పల్లవి మాత్రము. ఇందులో హిందువుల యిల్లు, క్రైస్తవుల యిల్లు, మహమ్మదీయుల యిల్లు, మా యిల్లు అను భేదమే లేదు. మీలో ఎందరో, వ్రాయుటకు మేము పండితులమా యని వెనుకాడుచున్నారు. నేను ఎందుకు వెనుకాడితినో పైన చెప్పితిని. ఆ పదేండ్లలో మా పేటలో ఎందరు వృద్ధులు పోయిరో, వారితో ఎన్ని పోయినవో ఇప్పుడు లెక్కింపలేను.

సెలవులకు ఊరు పోయినప్పుడు జాతరను గూర్చి మరల వ్రాసితిని. ఈసారి చమత్కారములు లేవు. నేను గరగకు మ్రొక్కను, కారణమిది, అని ఒక చోట వ్రాసితిని, దానిని కొట్టివేయలేదు. తక్కినదంతయు నేను చూచినది, అడిగి తెలిసికొన్నది. వ్యాసము పట్టుకొని కాలువ దాటితిని. బల్లకట్టు బదులు అప్పటికి చిన్న వంతెన వచ్చినది. మామ్మకు చూపు మందగించినది, చెవి మాత్రము బాగుగనే వినబడుచుండెను. అరుగుమీద కూర్చుండి మొదటినుండి తుదివరకు చదివితిని. నేను మ్రొక్కనను చోటికి వచ్చినప్పుడు నా గొంతు కొంచెము తగ్గినది. ఆమె తల ఊపినది, అంతే. అంతయు విన్న పిదప కొంచెముసేపు ఆలోచించి,

"అన్నీ రాసేవు గానీ బుల్లోడా, గరగెత్తేవాడు ఆ రోజంతా పస్తుంటాడని రాయలేదేం? పస్తున్నోడి తలమీదే అమ్మ తేలిగ్గా ఉంటది. అది లేకపోతే మిగతాదంతా ఎందుకు?" అనినది.

నాకు ఆ సంగతి తెలియదు. తూలుట యెందువలననో ఇన్నేండ్లకు తెలిసినది. జేబులోనుండి కలము తీసి, కాగితము అంచున, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొంటిని. అక్షరము రాకపోయినను ఆమె వంగి, నా చేయి కదలుట చూచుచు, "ఇంకోటుంది, అది కూడా రాయి" అని మరల మొదలుపెట్టినది.